కళావరు ఆసు

మా నాన్న టింకరింగ్ మేస్త్రి. విజయవాడ ఆటోనగర్లో నలభై ఏళ్ళు రేకు కొట్టాడు. గుద్దుకున్న కారు షెడ్డులోకి వస్తే అందరూ దాని ముందు నిలబడి అయ్యో అనేవాళ్ళు. ఆయన పక్కకి వెళ్ళి గొంతుక్కూర్చునేవాడు. ఒక కన్ను మూసి, వెనక లైటు దగ్గర్నుంచి ముందు లైటు దాకా రేకు మీద పాకే వెలుగుని చూసేవాడు. "వెలుగు తిన్నగా పారుతుందా, ఎక్కడన్నా తడబడుతుందా, అది చూడరా. సొట్ట నీకు కనపడకపోవచ్చు, వెలుగుకి కనపడుద్ది" అనేవాడు. ఆ తర్వాత సందులు. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య, బానెట్‌కీ గ్రిల్లుకీ మధ్య వేలు పెట్టి జరిపేవాడు. సందు పైన వేలెడు, కింద గోరెడు ఉందంటే ఆ బండి ఇంతకు ముందే ఎక్కడో తిన్నదని లెక్క. ఓనరు ఎన్ని ఒట్లు వేసినా సరే.

నేను రేకు కొట్టలేదు. డిప్లొమా చేసి బాలానగర్ వైపు ఒక టూల్ రూములో చేరాను. రేకు వంచే ప్రెస్ డైల (అచ్చుల) పని. సుత్తి మారింది గానీ చూపు ఆయనదే. అందుకే నేను కార్ల గురించి రాస్తే హార్స్‌పవర్లూ, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లూ ఉండవు. రేకు, రేకుకీ రేకుకీ మధ్య సందు, ఆ సందు ఎక్కడ దాచారు అన్న గొడవ ఉంటుంది. ఈసారి గొడవ 1979లో ఇసుజు కంపెనీ కోసం గీసిన ఒక కారుది. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

జపాన్ పాత కాన్సెప్ట్ కార్ల (అమ్మకానికి కాక షోలో చూపించడానికి చేసే కార్ల) మాట ఎక్కడ వచ్చినా అవే నాలుగు బొమ్మలు తిరుగుతుంటాయి. 1970 టోక్యో మోటార్ షోలో మాజ్దా పెట్టిన ఆర్‌ఎక్స్-500 ముందు వరసలో ఉంటుంది. నడుమ పిస్టన్లు లేకుండా తిరిగే రోటరీ ఇంజను, రెక్కల్లా పైకి లేచే తలుపులు, కారు వేగం అందుకుంటోందో బ్రేకు పడిందో వెనకవాడికి వేర్వేరు రంగుల్లో చెప్పే లైట్లు. చేసింది ఒక్కటే. తరవాత డోమ్ జీరో. క్యోటోలో హయాషి మినోరు అనే రేసింగ్ పిచ్చోడు 1975లో పెట్టిన చిన్న కంపెనీ, 1978 మార్చిలో జెనీవా షోకి పట్టుకెళ్ళిన కారు. ఎత్తు 980 మిల్లీమీటర్లు, అంటే మనింట్లో డైనింగ్ టేబుల్ మీద ఇంకో జానెడు. డోమ్ అనే పేరుని వాళ్ళ లిపిలో రెండు అక్షరాల్లో రాస్తారు: ఒకటి పిల్లవాడు, రెండోది కల. పేరులోనే అంతా ఉంది.

అందమైన కార్లే, కాదనను. కానీ వాటి కింద రాసే మాటలే నాకు పడవు. "కంపెనీలు ఇలాంటివి రోడ్డు మీదకి రానివ్వవు, లెక్కల గుమాస్తాలు చంపేస్తారు, కల అంటే ఇది" అన్న ధోరణి. అంటే కారు ఎంత అసాధ్యమైతే అంత గొప్ప డిజైన్ అన్నమాట. నేను దీనికి పూర్తిగా అడ్డం. నా దృష్టిలో జపాన్ కంపెనీ పేరుతో వచ్చిన పాత కాన్సెప్ట్ కార్లలో అన్నిటికంటే గట్టిది, డోమ్ జీరో వచ్చిన మరుసటి ఏడాది, అదే జెనీవా షోలో నిలబడింది. దాని పేరు అస్సో ది ఫియోరి. ఇసుజు కోసం ఇటలీలో జోర్జెత్తో జుజారో గీశాడు. దాని గొప్పతనం ఏమిటంటే రెండేళ్ళు దాటేసరికి అది దుకాణానికి వచ్చింది, వచ్చాక కూడా అదే కారులా ఉంది.

పేరు సంగతి ముందు చెప్పుకుందాం, మనకి దగ్గరిది కాబట్టి. అస్సో ది ఫియోరి అంటే మాటకి మాట పెడితే పువ్వుల ఆసు. ఇటలీవాళ్ళు పేకలో కళావరుని పువ్వులంటారు. కాబట్టి మన భాషలో ఈ కారు పేరు కళావరు ఆసు. (డచ్చివాళ్ళు ఇదే ముక్కని క్లావర్ అంటారు. మచిలీపట్నంలో వాళ్ళు కోఠీ పెట్టుకుని బట్టల వ్యాపారం చేసిన రోజుల్లో మనవాళ్ళకి అంటుకున్న మాటేమో అని నాకో అనుమానం. రమ్మీ ఆడేటప్పుడల్లా గుర్తొస్తుంది, ఆట పోతుంది.) జుజారో దీనికి ముందు రెండు ఆసులు దించాడు. 1973లో ఆడీ 80 అడుగు (చక్రాలు, ఇరుసులు బిగించే కింది భాగం) మీద ఇస్పేటు ఆసు, అస్సో ది పిక్కె. 1976లో బీఎండబ్ల్యూ 3 సిరీస్ అడుగు మీద డైమన్ ఆసు, అస్సో ది క్వాద్రి. రెండూ నలుగురు కూర్చునే, రెండు తలుపుల కూపేలే. రెండిటినీ చూసి జర్మన్లు బాగుందన్నారు, వెళ్ళిపోయారు. తయారీకి ఎవరూ తీసుకోలేదు. మూడోసారి చేతిలో ఉన్నది కళావరు. ఎత్తుకున్నది జర్మనీ కాదు, జపాన్లో లారీలకి పేరుబడ్డ కంపెనీ.

ఇసుజుకి జుజారో కొత్త కాదు. ఆయన ఘియా అనే ఇటలీ డిజైన్ కంపెనీలో పనిచేస్తున్నప్పుడు గీసిన 117 కూపే 1966లో ఇదే జెనీవాలో కనపడి, 1968 చివర్లో అమ్మకానికి వచ్చింది. మొదటి కొన్నేళ్ళు దాని రేకుల్లో చాలా భాగం చేత్తోనే సరిచేసేవాళ్ళు, ప్రెస్సులు ఆ వంపులు అందుకోలేక. ఈ ముక్క చదివిన రోజు మా నాన్నకి ఫోను చేసి చెప్పాను. "మరి మనం చేసేదీ అదేగా" అన్నాడు. 1968లోనే జుజారో ఇంకొకరితో కలిసి టూరిన్లో సొంత దుకాణం పెట్టాడు. అదే ఇతాల్‌డిజైన్. 1974లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆయన గీతే. మన రోడ్ల మీద తిరిగిన దేవూ మాటీజ్ కూడా. ఆ మాటీజ్ కూడా ముందు ఒక షో కారుగా పుట్టిందే.

117 వయసైపోయింది, దాని స్థానంలో ఇంకో కూపే కావాలి. డబ్బు మాత్రం అంతంతే. 1971లో ఇసుజులో 34.2 శాతం వాటా జనరల్ మోటార్స్ కొనుక్కుంది. దాంతోపాటు ఆ కంపెనీ వాళ్ళు ప్రపంచమంతా తిప్పుతున్న ఒక చిన్న కారు అడుగు కూడా వచ్చింది. జర్మనీలో ఓపెల్ కాడెట్, ఇంగ్లండులో షెవెట్, జపాన్లో ఇసుజు జెమిని, అన్నిటికీ అడుగు ఒకటే. ముందు ఇంజను, వెనక చక్రాలకి తోపు, వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకే గట్టి ఇరుసు. ఆడంబరం ఏమీ లేదు. మధ్యతరగతి సంసారి కారు. జుజారోకి ఇసుజు ఇచ్చిన గుడ్డ అది. దాంతోనే చొక్కా కుట్టాలి.

నేను పట్టుకున్న కొస ఇక్కడే ఉంది. ఆర్‌ఎక్స్-500 గీసినవాళ్ళకి ఇంజను ఎక్కడ పెట్టుకుంటారో వాళ్ళిష్టం. డోమ్ వాళ్ళకి అడుగు నుంచీ అంతా సొంతం. నలుగురు ఎక్కాలన్న పేచీ లేదు, వెనక సీట్లో పిల్లాడి తల పైకప్పుకి తగులుతుందన్న బెంగ లేదు. జుజారోకి ఇవన్నీ ఉన్నాయి. పైగా జపాన్ చట్టంలో చిన్న కారు పన్ను దాటకుండా ఉండాలంటే వెడల్పు 1.7 మీటర్లు మించకూడదు, ఇంజను రెండు లీటర్లు దాటకూడదు. జెమిని చక్రాల మధ్య దూరం ఇరుకు. బొమ్మల్లో పక్కనుంచి కాక వెనకనుంచి చూడండి, ఒళ్ళు వెడల్పు, చక్రాలు లోపలికి నక్కినట్టు ఉంటాయి. పెద్దన్నయ్య చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా. ఈ కారులో నాకు నచ్చని భాగం అదొక్కటే, అది కూడా గీసినవాడి తప్పు కాదు.

ఆ ఇరుకులో ఏం చేశాడో చూడండి. ముందుభాగం కిందికి వాలి, అక్కడ్నుంచి గీత ఒకే ఊపులో పైకెక్కి, అద్దం మీదుగా జారి, వెనక నిలువుగా తెగిపోతుంది. ఆ కాలంలో అందరూ కొడవలి అంచుల్లాంటి కార్లు గీస్తున్నారు. జుజారోయే ఆ మడత కాయితపు ఫ్యాషన్‌కి పెద్ద మేస్త్రి. ఇందులో ఆయన అంచుల్ని నున్నగా నిమిరాడు. దీన్ని ముందు కోణంలో గీసి, తర్వాత అరచేత్తో రాసినట్టు ఉంటుంది. అద్దాలు రేకు లోపలికి దిగబడకుండా దాదాపు సమంగా నిలుస్తాయి. గాలికి అడ్డు తగ్గించడం కూడా లెక్కలోనే ఉంది. అమ్మకానికి వచ్చిన కారుకి గాలి అడ్డు గుణకం 0.36. ఇవాళ్టి లెక్కలో మామూలే, 1981లో చెప్పుకోదగ్గది. లైట్ల మీద సగం కప్పిన రెప్పలుంటాయి. లైటు వేస్తే రెప్ప తొలుగుతుంది. పగలంతా ఆ కారు మధ్యాహ్నం కునుకులో ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇవన్నీ అందరూ రాసేవే. నేను అసలు రాయాలనుకున్నది బానెట్ గురించి.

మామూలు కారులో బానెట్ రెండు మడ్‌గార్డుల మధ్య మూతలా కూర్చుంటుంది. కాబట్టి పైన రెండు సందులు ఎప్పుడూ కళ్ళ ముందు ఉంటాయి. వెలుగు పారుతూ పారుతూ ఆ రెండు గీతల దగ్గర తెగుతుంది. అస్సో ది ఫియోరిలో బానెట్ పక్కలకి కూడా దిగి, మడ్‌గార్డు పైభాగాన్ని తనలో కలుపుకుంటుంది. తట్ట బోర్లించినట్టు. సందు ఏమైంది? కారు చుట్టూ నడుము దగ్గర ఒక నల్ల పట్టీ తిరుగుతుంది. సందు వెళ్ళి ఆ పట్టీ గీతలో పడుకుంది. పైనుంచి చూస్తే ముందు ముక్కు నుంచి అద్దం దాకా ఒకే రేకు, ఒకే వెలుగు. మా నాన్న అంబాసిడర్ల మీద అతుకు కనపడకుండా క్రోము పట్టీ వేసిన రోజులు నాకు గుర్తే. అది తప్పు కప్పే పట్టీ. ఇది పట్టీ ఎక్కడ ఉంటుందో ముందే అనుకుని, సందునే అక్కడికి నడిపించిన పని. రెండిటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఇలాంటి బానెట్ని కాయితం మీద గీయడం ఒక ఎత్తు. జెనీవా షోకి ఒక్కటి చేయడం ఇంకో ఎత్తు. అక్కడ మంచి మేస్త్రులు నలుగురు కూర్చుంటే సుత్తితో, ఆకురాయితో సందు కుదిరిపోతుంది. కానీ వేలల్లో తీయాలంటే? రేకు సుమారు 0.8 మిల్లీమీటర్లు. ప్రెస్సు కింద ఎంత వంచితే అంత ఉండదు, వదలగానే కొంచెం వెనక్కి లేస్తుంది. మా టూల్ రూములో దీన్ని స్ప్రింగ్‌బ్యాక్ అంటాం. కావలసిన దానికంటే ఎక్కువ వంగేలా డై తీయాలి. ఎంత ఎక్కువ అన్నది రేకు మందాన్ని బట్టి, మూల వంపుని బట్టి మారిపోతుంది. పక్కలకి దిగే పెద్ద బానెట్ అంటే మూలల్లో రేకు సాగి చిరుగుతుంది, మధ్యలో మిగిలి ముడత పడుతుంది. రెండిటి మధ్యా దారి వెతుక్కోవాలి. ఇదంతా అయ్యాక, మనిషి చెయ్యి చాపినంత పొడుగు అంచు కింది రేకుతో మొదటి నుంచి చివరిదాకా ఒకే సందుతో కలవాలి, అదీ రెండు వైపులా. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే పట్టీ వంకర పోయినట్టు కనిపిస్తుంది. నేను ఈ కారులో పదోవంతు లేని బాక్సు మూతకి డై తీయించి, మూడు నెలలు షిమ్ముల (సందు సరిచేసే పలచని రేకు ముక్కల) మీద షిమ్ములు పెట్టి దిద్దుకున్నవాణ్ణి. ఆ కష్టం కారు కొన్నవాడికి కనపడదు. కనపడకపోవడమే దాని పాసు మార్కు.

ఇసుజువాళ్ళు అది చేశారు. 1979 మార్చిలో జెనీవాలో పెట్టిన కారుని 1981లో పియాజ్జా పేరుతో అమ్మారు. కొలతలు అక్కడా ఇక్కడా కాస్త సవరించారు, బంపర్లు మార్చారు. మిగిలింది దాదాపు యథాతథం: ఆ బానెట్, ఆ పట్టీ, ఆ రెప్పలు, ఆ అద్దాలు. లోపల స్టీరింగుకి అటూ ఇటూ రెండు పెట్టెలు, వాటి నిండా మీటలు. కంచం చుట్టూ గిన్నెలు అమర్చినట్టు, చెయ్యి స్టీరింగు వదలకుండా అన్నీ వేళ్ళకి అందుతాయి. స్టీరింగు ఎత్తు మారిస్తే మీటర్లూ ఆ పెట్టెలూ దాంతోపాటే కదులుతాయి. షో కార్లలో ఇలాంటి చమత్కారాలు బోలెడు చూస్తాం. అవి అద్దం వెనకే ఉండిపోతాయి. ఇక్కడ బజార్లో ఎవరు డబ్బు కడితే వాళ్ళకి ఇచ్చారు.

ఒక్క దగ్గర మాత్రం ఓడిపోయారు. అప్పటికి జపాన్లో తలుపు మీద సైడు అద్దాలు పెట్టడానికి అనుమతి లేదు. బానెట్ పక్కన, మడ్‌గార్డు మీదే ఉండాలి. 1983లో గానీ ఆ రూలు సడలించలేదు. కాబట్టి మొదటి రెండేళ్ళూ అమ్మిన పియాజ్జాలకి, అంత కష్టపడి ఒక్క గీత లేకుండా తీసిన ఆ బానెట్ మీద, రెండు అద్దాలు కొమ్ముల్లా నిలబడ్డాయి. రెండు నెలల కింద నాన్నకి ఫోనులో ఆ బొమ్మ చూపించాను. కంపెనీ పేరు చెప్పలేదు, ఏడాది చెప్పలేదు. వేళ్ళతో పెద్దది చేసుకుని కాసేపు చూశాడు. "కారు ఒకడు చేశాడు, ఈ అద్దాలు ఇంకెవడో పెట్టాడు" అన్నాడు. నలభై ఏళ్ళ కిందటి జపాన్ రవాణా చట్టం ఆయనకి ఒక్క చూపులో దొరికిపోయింది.

ఇప్పుడు నాకు ఎదురుగా ఉన్న వాదన. ఇది చిన్నదేం కాదు, చేసింది కూడా ఇంట్లోవాళ్ళే. ఆ రోజే నాన్న అడిగాడు, కింద ఏముందని. చెప్పాను: మామూలు చిన్న కారు అడుగు, వెనక గట్టి ఇరుసు, మొదట్లో రెండు లీటర్ల లోపు ఇంజను. "అంటే పైన పటారం, లోన లొటారం" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

ఆయన మాట కొట్టిపారేయలేను. ఆ రోజుల్లో చాలామంది అన్నదీ అదే. 1986లో ఆస్ట్రేలియాలో హోల్డెన్ కంపెనీ పేరు మీద దీన్ని అమ్మితే, మలుపుల్లో దాని నడకని అక్కడి పత్రికలు ఉతికి ఆరేశాయి. అంత ధర పెట్టి, ఇంత ముందుచూపు ఒళ్ళు చూపించి, కింద పదేళ్ళ పాత అడుగా అని. 1984లో టర్బో ఇంజను వచ్చింది, జపాన్ లెక్కలో 180 హార్స్‌పవర్. దాంతో అడుగు బలహీనత ఇంకా బయటపడింది. తరవాత జర్మనీ ఇర్మ్‌షర్ వాళ్ళూ, ఇంగ్లండు లోటస్ వాళ్ళూ స్ప్రింగులు, షాకబ్జార్బర్లు సవరించి ఇచ్చారు. బాగుపడింది గానీ, అప్పటికే వయసు మీద పడింది.

అయినా నాన్నతో నా తగువు తీరలేదు. లొటారం అంటే మోసం. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చూపించడం. పియాజ్జా ఏం దాచింది? అది రేసు కారునని చెప్పలేదు. నలుగురు కూర్చుని, వెనక అద్దం ఎత్తి సామాను పెట్టుకుని, పొద్దున ఆఫీసుకి వెళ్ళే కారుకి కూడా ఇంత శ్రద్ధ పెట్టొచ్చని చూపించింది. గొప్ప అడుగు ఇస్తే గొప్ప ఒళ్ళు గీసేవాళ్ళు చాలామంది. ఫెరారీ కింద పెట్టి ఇవ్వండి, నా మేనల్లుడు కూడా గీస్తాడు. చవక అడుగు మీద చవకదనం కనపడకుండా గీయడమే మేస్త్రితనం. మా నాన్న చేసిందేమిటి మరి? మూడుసార్లు పల్టీ కొట్టిన అంబాసిడర్‌ని పెళ్ళికారులా చేసి పంపలేదా? దాన్ని ఆయన ఎప్పుడూ లొటారం అనలేదు.

అంబాసిడర్ అంటే గుర్తొచ్చింది. ఇసుజు అన్న పేరు నేను మొదట చదివింది జపాన్ కారు మీద కాదు. 1990ల మొదట్లో అంబాసిడర్లో 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజను, అయిదు గేర్లతో వచ్చింది. కాంటెస్సాలోనూ ఆ ఇంజనే ఉండేది. "ఇసుజు ఇంజన్" అంటే మా వీధిలో ఒక హోదా. టాక్సీ డ్రైవర్లు ఆ మాట ముందు చెప్పి తర్వాత కారు పేరు చెప్పేవాళ్ళు. పియాజ్జా టర్బోలో ఉన్నదీ అంబాసిడర్లోకి వచ్చిందీ ఒకే వంశం ఇంజన్లని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఒకటి రెండు లీటర్ల టర్బో, ఇంకోటి దాని పేద చుట్టం. కళావరు ఆసు గుండెకాయకి దాయాది ఏలూరు రోడ్డు మీద మీటరు వేసుకుని తిరిగిందన్నమాట. ఆ కారుని నేను కళ్ళారా చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు. ఆ వంశం చప్పుడు మాత్రం బోలెడుసార్లు విన్నాను.

ఇంతకీ ఇది జపాన్ కారేనా అని అడిగేవాళ్ళుంటారు. గీసినవాడు ఇటలీ, అడుగు అమెరికా కంపెనీ జర్మనీలో పెంచినది, చివర్లో సవరించింది ఇంగ్లీషువాళ్ళు. డోమ్ జీరో చూడండి, నూటికి నూరుపాళ్ళూ క్యోటోలో పుట్టింది అంటారు. నిజమే. కానీ ఆ డోమ్‌కి సొంత దేశంలో నంబరు ప్లేటు దక్కలేదు. ప్రభుత్వ ఆమోదం రాలేదు. అమెరికాకి తగ్గట్టు ఇంకోటి చేశారు, అదీ అమ్మకం దాకా వెళ్ళలేదు. దాని బొమ్మ కార్లు పిల్లలు విపరీతంగా కొన్నారు, హయాషి బృందం 1979 నుంచి లె మాన్ రేసుకి వెళ్ళింది. ఆ కథకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. అది పట్టుదల కథ. డిజైన్ కథ వేరు. ఎవరు గీశారన్న దానికంటే ఎవరు భరించారన్నది చూస్తే, కళావరు ఆసు జపాన్‌దే. రెండు ఆసుల్ని జర్మన్లు చేతిలోంచి వదిలేశారు. తురుపు అవునో కాదో తెలియని మూడో ముక్కని లారీల కంపెనీ ఎత్తుకుని, ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద పెట్టి, గీతకి గీత నిలబెట్టింది. జుజారో పేరు పుస్తకాలకెక్కింది, ఎక్కాలి కూడా. ఆ బానెట్‌కి డై దిద్దినవాళ్ళ పేర్లే నాకు కావలసింది. షిమ్ము ఎక్కడ పెట్టారని అడుగుదామని.

వ్యాపారంలో ఏమైందంటే, పెద్దగా ఏమీ కాలేదు. దాదాపు పదేళ్ళలో లక్షకి కాస్త పైన అమ్మారు. అమెరికాలో ఇంపల్స్ అని పేరు పెట్టారు. జపాన్లో యనాసే అనే పెద్ద డీలరు నీరో అని విడిగా అమ్ముకున్నాడు. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు దేశాలు కూర్చుని డాలరు దించాలనుకున్నాయి. రెండేళ్ళకి యెన్ విలువ దాదాపు రెట్టింపైంది, జపాన్ నుంచి ఓడెక్కే ప్రతి కారూ అక్కడ ప్రియమైంది. పియాజ్జా అన్నా ప్లాజా అన్నా అర్థం ఒకటే, ఊరి నడిబొడ్డున కూడలి. ఒక కూడలి ఇంకో కూడలిని మింగింది. 1992 చివర్లో ఇసుజు ఇక సొంతంగా కార్లు చేయమని తేల్చి చెప్పేసింది. లారీలు, పికప్పులు మిగిలాయి. "చూశావా, అందంగా చేస్తే కంపెనీ మునిగింది" అనేవాళ్ళకి ఒక్క మాట: పక్కనే అదే అడుగు మీద అందం జోలికి పోకుండా చేసిన జెమిని కూడా ఇసుజుని కార్ల వ్యాపారంలో నిలబెట్టలేదు. అందం లేకపోవడం ఎవర్నీ కాపాడలేదు.

2016లో ఇసుజు మన తడ దగ్గర శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడ ఎక్కువగా చేసేది పికప్పులు. చెన్నై వెళ్ళేటప్పుడు ట్రెయిలర్ మీద వరసగా కట్టేసిన కొత్త బళ్ళు ఎదురొస్తే నేను అలవాటుగా బానెట్ సందు చూస్తాను. మామూలు బానెట్టే. రెండు మడ్‌గార్డుల మధ్య మూత. సందులు చక్కగా, సమంగా ఉన్నాయి, వంక పెట్టడానికేం లేదు.

మొన్న దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న తనంతట తనే ఆ బొమ్మ మళ్ళీ చూపించమన్నాడు. ఈసారి 1983 తర్వాత వచ్చిన కారు, అద్దాలు తలుపు మీదకి మారినది తీశాను. ఆయన అద్దాల సంగతి ఎత్తలేదు. ఫోను ఏటవాలుగా పట్టుకుని ఒక కన్ను మూశాడు, ఫోను తెర మీద వెలుగు పారుతుందేమో అన్నట్టు.

"ఈ మడ్‌గార్డు పైన రేకు బానెట్‌దేనా?"

"అవును నాన్నా. మొత్తం ఒకటే లేస్తుంది."

"అంటే ఆటోవాడు పక్కన చిన్నగా గీరినా బానెట్ మొత్తం దించాలి."

"దించాలి."

"దించి మళ్ళీ ఎక్కిస్తే ఈ సందు రాదురా" అన్నాడు. కాసేపు మాట్లాడలేదు. గోరుతో ఆ నల్ల పట్టీ వెంట తెర మీద గీసుకుంటూ వెళ్ళి, తలుపు దగ్గర ఆగాడు. "దించకుండానే కొట్టాలి. చక్రం తీసి, కింద నుంచి డాలీ దిమ్మ పెట్టి..." అని, కుడి చెయ్యి గాలిలో వంచి, ఆ చెయ్యి అక్కడ పడుతుందో లేదో చూసుకున్నాడు.